రాష్ట్ర రాజకీయములు – మన వార్డు – వార్తాపత్రిక

మా అధ్యాపకుల గదిలో పొడవైన బల్ల ఒకటి కలదు. ప్రతి ఉదయము దానిపై రెండు వార్తాపత్రికలు ప్రక్కప్రక్కనే పరచియుండును. ఒకటి తెలుగు, రెండవది ఉర్దూ. ఒకదానిని ఎడమవైపునుండి తెరువవలెను, రెండవదానిని కుడివైపునుండి. ఒకే ఊరిని గురించి, ఒకే ప్రభుత్వమును గురించి, ఒకే దినమున వెలువడిన ఈ రెండు పత్రికలను వరుసగా చదివినవారికి రెండు వేర్వేరు ఊళ్ళను చూచివచ్చినట్లుండును. ఈ వ్యాసము వ్రాయవలెనను తలంపు మాకు ఆ బల్లవద్దనే కలిగినది.

ఉర్దూలో పత్రికను 'అఖ్బార్' అందురు. ఇది 'ఖబర్' అను అరబ్బీ పదమునకు బహువచనము. ఖబర్ అనగా వార్త. అఖ్బార్ అనగా వార్తలు. ఈ ఖబర్ నుండియే 'ఖబర్‌దార్' పుట్టినది. వార్త తెలిసినవాడు, కనుక మెలకువగా ఉన్నవాడు అని దాని అసలు అర్థము. తెలుగువారు ఆ మాటను 'ఖబడ్దార్' అని మార్చి బెదిరింపులకు ఉపయోగించుచున్నారు. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడెల్ల నవ్వుదురు. కాని ఆలోచించి చూచినచో వార్త తెలిసినవానికి పాలకులు కొంత జంకుట సహజమే గదా!

గత సంవత్సరము ద్వితీయ సంవత్సరపు తరగతిలో మేమొక ప్రశ్న వేసితిమి. రాష్ట్ర మంత్రులలో ఐదుగురి పేర్లు చెప్పుడనగా తరగతి యంతయు ఒక్కసారి చేతులెత్తినది. ఏ మంత్రి ఏ నాయకునికి బంధువో కూడ చెప్పగలవారున్నారు. మీ వార్డు సంఖ్య ఎంత, మీ కౌన్సిలరు ఎవరు అని అడిగితిమి. చేతులు దిగిపోయినవి. పత్రిక చదువనివారా యనిన, కాదు, ప్రతిదినము చదువువారే. పత్రిక చదువుచున్నను మన వీధి పాలన మనకు తెలియకపోవుటకు కారణమేమి? దీనికి సమాధానము వెదకవలెనన్న పత్రికలకును రాజకీయములకును ఉన్న సంబంధమును మొదటినుండి కొంత చెప్పుకొనవలెను.

తెలుగు పత్రికలలో రాజకీయ చైతన్యమునకు పేరుపడినవి స్వాతంత్ర్యోద్యమ కాలపు పత్రికలు. 1902లో మచిలీపట్టణమున ఆరంభమైన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వమున ప్రసిద్ధి గాంచినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసునుండి దినపత్రికయైనది. 1938లో ఆంధ్రప్రభ వచ్చినది. ఇవన్నియు బ్రిటిషు పాలనలోని తెలుగు ప్రాంతమును గూర్చిన మాట. నిజాం రాజ్యములోని తెలుగువారి స్థితి వేరు. అక్కడ సభ జరుపుటకు అనుమతి కావలెను, పత్రిక పెట్టుటకు అనుమతి కావలెను. అట్టి పరిస్థితిలో సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. మేము ఎం.ఏ. చదువుచున్న కాలమున ఈ సంచికను గూర్చి పాఠముగా విన్నాము. అది సాహిత్య చరిత్రలోని పాఠము. అది రాజకీయ పాఠము కూడ అని మాకు తరువాత తెలిసినది. ఒక ప్రాంతము తాను ఉన్నానని చెప్పుకొనుటకు పత్రిక అవసరమైనది.

ఇచ్చట మా కళాశాల విద్యార్థులు తప్పక తెలిసికొనవలసిన పేరొకటి ఉన్నది. షోయబుల్లా ఖాన్. 1920లో జన్మించినవారు. ఉర్దూ పాత్రికేయులు. మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' పత్రికలో పనిచేసిరి. ఆ పత్రిక మూతపడిన పిమ్మట, 1947 చివర, తమ సొంత పత్రిక 'ఇమ్రోజ్'ను స్థాపించిరి. ఇమ్రోజ్ అనగా 'నేడు' అని అర్థము. హైదరాబాదు రాజ్యము భారత యూనియన్‌లో చేరవలెనని ఉర్దూలో, ఉర్దూ చదువువారికి, రజాకార్ల ప్రాబల్యము మిన్నంటిన రోజులలో వ్రాయుట ఎంతటి సాహసమో నేడు ఊహించుట కష్టము. బెదిరింపులు వచ్చినవి. ఆయన ఆగలేదు. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి కాచిగూడలోని ఇంటికి తిరిగివచ్చుచుండగా దాడి చేసి, వ్రాసిన చేతినే నరికిరి. మరునాటికి ఆయన మరణించిరి. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లైనను నిండలేదు. పోలీసు చర్య జరిగినది ఆ తరువాతి నెలలో.

షోయబుల్లా ఖాన్‌ను తెలుగువారు ఉర్దూ పాత్రికేయుడని, ఉర్దూవారు తమకు ఇబ్బంది కలిగించిన కాలపు మనిషియని, ఇరువురును కొంత మరచిరని మా అభిప్రాయము. మా కళాశాలవంటి రెండు భాషల కళాశాలలో అట్లు జరుగరాదు.

పోలీసు చర్య తరువాత 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్ గారును, మహబూబ్ హుసేన్ జిగర్ గారును కలిసి హైదరాబాదులో 'సియాసత్' దినపత్రికను ప్రారంభించిరి. సియాసత్ అనగా రాజకీయము. కలత చెంది, దిక్కుతోచక ఉన్న ఒక సమాజమునకు కొత్త రాజ్యాంగములో తన స్థానమేమో చెప్పు పని ఆనాడు ఉర్దూ పత్రికలపై పడినది. తరువాతి కాలములో ఉర్దూ పత్రికలు విద్యార్థి వేతనములు, ఉద్యోగ ప్రకటనలు, వక్ఫ్ ఆస్తులు, అల్పసంఖ్యాకుల సంక్షేమము మొదలగు విషయములపై చూపిన శ్రద్ధకు మూలము ఆ కాలములోనే ఉన్నది.

ఇక రాష్ట్ర రాజకీయములకు వత్తము. రాజ్యాంగములో పత్రికా స్వాతంత్ర్యమను మాట ప్రత్యేకముగా ఎచ్చటను లేదు. 19వ అధికరణము మొదటి ఖండములోని (ఏ) ఉపఖండము పౌరులందరికి భావప్రకటనా స్వాతంత్ర్యమును ఇచ్చినది. పత్రికలకు ఉన్నదియు అదే. అనగా సంపాదకునికి గల హక్కు మీకును కలదు, మీకు లేనిది ఆయనకును లేదు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి విధింపబడి, సెన్సారు అమలులోకి వచ్చినప్పుడు ఈ సంగతి ప్రజలకు బాగుగా తెలిసివచ్చినది. సంపాదకుని కలముతోపాటు సామాన్యుని నోరును మూతపడినది. 1966లో ఏర్పడిన ప్రెస్ కౌన్సిల్ కూడ ఆ కాలమున రద్దై, 1978 నాటి చట్టముతో మరల ప్రాణము పోసికొన్నది.

అత్యవసర పరిస్థితి ముగిసి 1977లో ఎన్నికలు జరిగినప్పుడు ఉత్తర భారతమున కాంగ్రెసు తుడిచిపెట్టుకొని పోయినది. మన రాష్ట్రమున 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసు గెలిచినది. మిగిలిన ఒక్కటి మన రాయలసీమలోని నంద్యాల. అచ్చట జనతా పక్షమున గెలిచినవారు నీలం సంజీవరెడ్డి గారు. అదే వార్తలను దేశమంతయు చదివినది, ఫలితములు మాత్రము వేరుగా వచ్చినవి. పత్రికలే ప్రభుత్వములను నిలుపును, పత్రికలే కూల్చును అని వాదించువారు ఈ అంకెలను జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఐనను 1982–83 నాటి ఘట్టమును వదలుటకు వీలులేదు. 1974లో విశాఖపట్టణమునుండి వెలువడిన ఈనాడు పత్రిక తెల్లవారకముందే ఇంటివద్దకు పత్రిక చేర్చుటను, వాడుక భాషలో వ్రాయుటను అలవాటు చేసి కొద్ది సంవత్సరములలో అగ్రస్థానమునకు వచ్చినది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. ఆయన చైతన్య రథముపై ఊరూర తిరుగుచుండగా ఆ పర్యటన వార్తలు ప్రతి ఉదయము వాకిటికి చేరినవి. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయిరి. పార్టీ పుట్టిన తొమ్మిది మాసములకే! పత్రిక లేకున్నను గెలిచియుండెడివారా అను ప్రశ్నకు ఎవరును రుజువుతో సమాధానము చెప్పలేరు. జనము ఆయనను వెండితెరపై మూడు దశాబ్దములుగా చూచియున్నారు. కాంగ్రెసు అధిష్ఠానము ఐదేండ్లలో నలుగురు ముఖ్యమంత్రులను మార్చినది. పత్రిక గాలిని పుట్టింపలేదనియు, వీచుచున్న గాలిని గ్రామగ్రామమునకు తెలియజేసినదనియు మేము భావింతుము.

ఆ వెంటనే వచ్చిన వివాదము విద్యార్థులకు మరింత ఉపయోగకరమైనది. 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన రగడను గూర్చి ఈనాడు 'పెద్దల గలభా' అను శీర్షికతో వార్త ప్రచురించినది. పెద్దల సభకు గలభా అంటగట్టుట సభాహక్కులకు భంగమని మండలి తలచినది. సంపాదకుడు రామోజీరావు గారిని సభ యెదుటకు రప్పించి మందలింపవలెనని నిర్ణయమైనది. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. 1984లో న్యాయస్థానము అరెస్టు చేయరాదని ఆదేశించినది. ఒకవైపు 194వ అధికరణము క్రింద శాసనసభల ప్రత్యేక హక్కులు, రెండవవైపు 19వ అధికరణము క్రింద పౌరుని భావప్రకటనా హక్కు. వీనిలో ఏది పైది? సభ గొప్పదా, న్యాయస్థానము గొప్పదా? ఆ ప్రశ్న తీర్పు కాకుండనే 1985లో శాసనమండలియే రద్దైపోయినది. (2007లో మండలి మరల వచ్చినది; ప్రశ్న మాత్రము అట్లే యున్నది.) ఆ శీర్షికలోని రెండు మాటలను చదివినవారెవరైనను నవ్వి ఊరకుందురు. అట్టి రెండు మాటలకు ఒక సభ, ఒక అత్యున్నత న్యాయస్థానము ఎదురెదురుగా నిలుచుట చిత్రము.

ఇంతవరకు చెప్పినది రాజధాని వార్త. మా తరగతిలో చేతులు దిగిపోయినది వార్డు వార్తవద్ద. కనుక అసలు విషయమునకు ఇప్పుడు వచ్చుచున్నాము.

1989లో తెలుగు పత్రికా రంగమున పెద్ద మార్పు జరిగినది. ఈనాడు జిల్లాకొక చిన్న అనుబంధ పత్రికను ప్రధాన పత్రికతోపాటు ఇచ్చుట మొదలిడినది. క్రమముగా తక్కిన పత్రికలును అనుసరించినవి. అంతకు కొద్ది సంవత్సరముల ముందే సమితులు పోయి మండలములు వచ్చినవి. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ గారు ప్రారంభించిన పంచాయతీరాజ్ వ్యవస్థ ఈ విధముగా కొత్త రూపు దాల్చినది. తరువాత 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చి పంచాయతీలకు, పురపాలక సంఘములకు రాజ్యాంగ రక్షణను, ఐదేండ్లకొక పర్యాయము ఎన్నికను, స్త్రీలకు మూడవ వంతు స్థానములను కల్పించినవి. అధికారము మండలమునకు దిగివచ్చిన కాలముననే వార్తయు మండలమునకు దిగివచ్చినది. ఒక్కొక్క మండలమునకు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క విలేకరి ఏర్పడెను. పూర్వము ఊరిలో హత్యయో, వరదయో వచ్చిననే పత్రికకెక్కెడిది. ఇప్పుడు బడి పైకప్పు కురియుట, చౌకధరల దుకాణము తెరువకుండుట, బోరు చెడిపోవుట కూడ వార్తలైనవి.

ఇది ఎంతటి శక్తియో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో తెలిసినది. అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడికి వచ్చిన స్త్రీలు తమ పాఠములలో సారా వలన చెడిన సంసారమును గూర్చి చదివిరి. చదివి ఊరకుండలేదు, సారా దుకాణమును మూయించిరి. ఒక ఊరి వార్త జిల్లా పుటలో పడినది. ప్రక్క ఊరివారు చదివిరి, లేక చదివించుకొని వినిరి. అచ్చటను దుకాణము మూతపడినది. వార్త జిల్లా పుటనుండి మొదటి పుటకెక్కినది. సారా వేలము పాటలు ఆగిపోయినవి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. అది ఎక్కువ కాలము నిలువలేదన్నది వేరు కథ. ఆ స్త్రీలలో అనేకులు ఆ సంవత్సరముననే అక్షరములు దిద్దినవారు. వారి పోరాటమును పత్రిక పుట్టింపలేదు. కాని ఒక ఊరిది మరియొక ఊరికి తెలియకున్నచో అది ఉద్యమము కాకపోవునేమో.

ఇక రెండవ వైపు చూతము. జిల్లా పుట వచ్చిన తరువాత ఒక జిల్లా వార్త ఆ జిల్లాలోనే నిలిచిపోవుట మొదలైనది. కర్నూలు కాలువ సంగతి కడపవారికి తెలియదు. మన పట్టణములో పురపాలక సంఘము పన్ను పెంచినచో మనము కోపింతుము. అదే వారమున ఇరువది పట్టణములలో పెంచిరని మనకు తెలియదు. తెలిసియుండినచో అది మన కమిషనరు తప్పా, రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తర్వా అని ఆలోచించియుందుము. చిన్న చిన్న పుటలుగా విభజింపబడిన పాఠకుడు చిన్న చిన్న ఫిర్యాదులు చేయువాడుగా మిగిలిపోవుచున్నాడు. రాజధానిలోనివారికి ఇంతకంటె సుఖమేమున్నది?

ఆ వార్త వ్రాయు మనిషిని గూర్చియు చెప్పవలెను. మండల విలేకరి చాలవరకు పత్రికకు ఉద్యోగి కాడు. అచ్చయిన పంక్తులను కొలిచి ఇచ్చు 'లైన్ అకౌంట్' సొమ్మే అతని ప్రతిఫలము. అది నెలకు బస్సు ఖర్చులకైన చాలదు. కనుక అతడు మరియొక వృత్తిలో ఉండును. ఎరువుల దుకాణమో, ప్రైవేటు బడిలో పాఠములో, భీమా ఏజెన్సీయో. దీనికి తోడు పండుగలకు, పత్రిక వార్షికోత్సవమునకు ప్రకటనలు తెమ్మని పైనుండి లక్ష్యము నిర్ణయింతురు, తెచ్చినదానిపై కమీషను. ప్రకటన ఇచ్చువారెవరు? సర్పంచులు, కాంట్రాక్టర్లు, మద్యము వ్యాపారులు, ప్రైవేటు కళాశాలల యజమానులు, ఎన్నికలలో నిలువదలచినవారు. సోమవారము చేయి చాచినవాడు మంగళవారము వానిపైననే వార్త వ్రాయవలెను. ఇట్టి స్థితిలో ఉండియు నిజము వ్రాయు విలేకరులు ప్రతి మండలమునను ఉన్నారు. మా పూర్వ విద్యార్థులలోను ఒకరిద్దరున్నారు. వారిని తలచినప్పుడు మాకు గర్వమును, భయమును రెండును కలుగును.

ఈ ఏర్పాటు ముదిరి ముదిరి 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి బహిరంగ బేరమైనది. అభ్యర్థి డబ్బు చెల్లించును; అతని విజయము తథ్యమని వార్త వచ్చును. ప్రకటన అయినచో ప్రకటనయని క్రింద వ్రాయుదురు. ఇది వార్త వేషములో వచ్చును. మన రాష్ట్రములో పాత్రికేయ సంఘములవారే దీనిని బయటపెట్టుటకు పూనుకొనిరి. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించినది. పరంజయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి గారలు 2010లో సవివరమైన నివేదిక ఇచ్చిరి. అందు పత్రికల పేర్లు ఉన్నవి. కౌన్సిల్ మొదట సంక్షిప్త నివేదికను మాత్రమే వెలువరించి, పేర్లు గల పూర్తి పాఠమును ప్రక్కనబెట్టినది. తరువాత సమాచార హక్కు చట్టము క్రింద పోరాడినగాని అది అధికారికముగా వెలికి రాలేదు. వార్తను దాచిరని ఇతరులను నిలదీయవలసిన సంస్థ ఇట్లు చేయుట చాల శోచనీయము. 2011లో ఎన్నికల సంఘము ఉత్తరప్రదేశ్‌లో ఉమ్లేశ్ యాదవ్ అను శాసనసభ్యురాలిని, డబ్బిచ్చి వేయించిన వార్తల ఖర్చును లెక్కలో చూపలేదను కారణముపై, మూడేండ్లపాటు అనర్హురాలిని చేసినది. ఇచ్చట గమనింపవలసిన మెలిక ఒకటి కలదు. శిక్ష పడినది ఖర్చు దాచినందుకు. పాఠకుని మోసగించినందుకు ప్రత్యేకమైన శిక్ష మన చట్టములో లేదు.

విద్యార్థులు ఇట్టి వార్తను గుర్తించుట కష్టము కాదు. ఎన్నికల వారములో వేర్వేరు పత్రికలను ముందుంచుకొనుడు. అభ్యర్థిని పొగడు వార్త అక్షరము మారకుండ రెండు పత్రికలలో కనిపించునా? ఒకే పుటలో ముగ్గురు ప్రత్యర్థులకును విజయము తథ్యమని వ్రాసియున్నదా? వార్తలో విలేకరి పేరు లేక, ఎదుటి పక్షపు మాట ఒక్కటియు లేక, ఛాయాచిత్రము మాత్రము రంగులలో ఉన్నదా? ఇక చెప్పనక్కరలేదు. చివరి పుట అడుగున సన్నని అక్షరములలో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరో వ్రాసియుండును. దానిని చదువు అలవాటు చేసికొనుడు. 2008లో వెలువడిన సాక్షి పత్రికను స్థాపించినది నాటి ముఖ్యమంత్రి కుమారుడు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారు. తెలంగాణ ఉద్యమ కాలమున 2011లో నమస్తే తెలంగాణ ఆ ఉద్యమ పక్షముననే వెలువడినది. ఈనాడుకు ఏ పక్షముపై ప్రీతియో పాఠకులే చెప్పుదురు. పత్రికకు అభిప్రాయముండుట దోషము కాదు. కృష్ణాపత్రికకు లేదా, ఇమ్రోజ్‌కు లేదా? యజమాని ఎవరో తెలియక చదువుటయే పాఠకునికి నష్టము.

ప్రభుత్వమును తక్కువ తినలేదు. ఏ ప్రభుత్వమైనను దాని చేతిలో రెండు పగ్గములుండును: ప్రకటన, వ్యాజ్యము. అనుకూల పత్రికకు పూర్తి పుట ప్రకటన, ప్రతికూల పత్రికకు మొండిచేయి. ప్రజాధనముతో వేయు ఆ ప్రకటనలలో నాయకుల బొమ్మలుండరాదని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించి రాష్ట్రపతికి, ప్రధానమంత్రికి, ప్రధాన న్యాయమూర్తికి మాత్రమే మినహాయింపు ఇచ్చినది. రాష్ట్రములు మొరపెట్టుకొనగా 2016లో ముఖ్యమంత్రులను, మంత్రులను కూడ అనుమతించినది. ఫలితము మన కన్నుల యెదుటనే యున్నది. ఇక వ్యాజ్యము సంగతి. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వము 938 సంఖ్య గల ఉత్తర్వును వెలువరించి, పత్రికలపై పరువునష్టపు చర్యలకు అధికారులను పురికొల్పినది. పాత్రికేయులు ఆందోళన చేయగా అది అటకెక్కినది. 2019లో ఆయన కుమారుని ప్రభుత్వము అట్టిదే మరియొక ఉత్తర్వు ఇచ్చినది. తెలంగాణమున 2014లో రెండు వార్తా ఛానళ్ళు కేబుల్ ఆపరేటర్ల నిర్ణయముతో మాసముల తరబడి తెరపై కనిపింపకపోయినవి.

ఇక మా వీధి సంగతి. దీనిని వ్రాయవలెనా, వద్దా యని కొంత తటపటాయించితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పట్టణమున వార్డుల పునర్విభజన జరిగినది. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములు తెలుపుటకు కొద్ది దినముల గడువిచ్చిరి. ఆ ప్రకటన ఒక తెలుగు పత్రిక జిల్లా పుటలో, టెండరు నోటీసులకును పేరు మార్పిడి ప్రకటనలకును నడుమ వచ్చినది. హైదరాబాదునుండి బస్సులో వచ్చు ఉర్దూ పత్రికలో అది రాలేదు. మా వీధి పెద్దలు ఉర్దూ పత్రికయే చదువుదురు. వారి కుమారులు తెలుగు పత్రిక చదువుదురు గాని క్రీడల పుట, సినిమా పుట దాటి రారు. స్త్రీల చేతికి ఏ పత్రికయు సాయంకాలము వరకు రాదు. వచ్చునప్పటికి అది అల్మారాలో పరచుటకు పనికివచ్చు కాగితమైపోవును. గడువు ముగిసినది. తరువాత చూడగా మా వీధి నడిబొడ్డున గీత గీసిరి. ఉత్తరపు వరుస ఇండ్లు ఒక వార్డు, దక్షిణపు వరుస వేరొక వార్డు. కొత్త మంచినీటి గొట్టము ఉత్తరపు వరుసకు వచ్చినది. దక్షిణపు వరుసవారు తమ కౌన్సిలరును అడిగిన ఆ వీధి తనది కాదనును. ఎదుటివారి కౌన్సిలరును అడిగిన ఓటు తనది కాదనును. రెండు వేసవులు దక్షిణపు వరుస స్త్రీలు బిందెలతో వీధి దాటిరి.

ఇందు ఎవరును చట్టము మీరలేదు. నోటీసు వేసిరి. పత్రికలో వేసిరి. మాకు మరింత బాధ కలిగించునది వేరొకటి. ఆ పత్రిక ఆ వారమంతయు మా అధ్యాపకుల గది బల్లపైననే యున్నది. రాజధానిలో ఏ శాసనసభ్యుడు ఏ పక్షమునకు మారునో అని మేము ఆ వారము చర్చించుకొంటిమి. నోటీసు ఉన్న పుటను మేము త్రిప్పితిమే గాని చదువలేదు. రాజనీతిపై ఉపన్యాసములిచ్చు మావంటివారే చదువనప్పుడు, వీధిలోని మస్తాన్ సాహెబునో, దర్జీ పని చేయు మామూనో తప్పుపట్టుట న్యాయము కాదు.

2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతట రెండవ అధికార భాషగా గుర్తించు చట్టము చేసినది. తెలంగాణమున 2017లోనే అట్టి చట్టము వచ్చినది. సంతోషింపదగిన విషయమే. కాని చట్టము చేయుట ఒకటి, వార్డు నోటీసు ఆ లిపిలో సకాలమున గోడకెక్కుట మరియొకటి. అడుగువారు లేనిచో అధికారులు తామై అనువదింపరు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పురపాలక సంఘపు తీర్మానములను, పనుల అంచనాలను, బిల్లులను ఏ పౌరుడైనను అడుగవచ్చును. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు. ముప్పది దినములలో సమాధానమీయవలెను. విలేకరికి కార్డు ఉన్నదని, మనకు లేదని సందేహింపనక్కరలేదు. ఈ చట్టము ముందు ఇద్దరును సమానులే.

చరవాణిలో క్షణక్షణము వార్త వచ్చుచుండగా ఈ కాగితపు మాట ఎందుకని విద్యార్థులు అడుగుదురు. నిజమే, 2020 కోవిడ్ కాలము తరువాత పత్రికల పుటలు తగ్గినవి, ఇండ్లకు వేయించుకొనువారును తగ్గిరి. వాట్సాప్‌లో మన వీధి వార్త మనకు పత్రికకంటె ముందే వచ్చును. కాని అది ఎవరు వ్రాసిరో తెలియదు, అబద్ధమైనచో ఎవరిని అడుగవలెనో తెలియదు, రేపు వెదకిన దొరకదు. పత్రిక చివరి పుట అడుగున కనీసము ఒక పేరు, ఒక చిరునామా ఉన్నవి. న్యాయస్థానమునకు ఈడ్వదగిన మనిషి ఒకడున్నాడు.

ఈ సంవత్సరము తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు కలిసి చిన్న పని యొకటి ఆరంభించిరి. ప్రతి ఉదయము తెలుగు పత్రిక జిల్లా పుటలోని ప్రభుత్వ ప్రకటనలను ఇద్దరు విద్యార్థులు చదువుదురు. మన పట్టణమునకు సంబంధించిన దానిని కత్తిరించి, ప్రక్కన ఉర్దూ అనువాదము వ్రాసి, కళాశాల ద్వారమువద్ద బల్లపై అతికింతురు. ఉర్దూ పత్రికలోని విద్యార్థి వేతనముల వార్తలను అదే విధముగా తెలుగులోనికి తెత్తురు. మొదటి మాసమున ఓటర్ల జాబితా సవరణ నోటీసు ఒకటి, ఆస్తిపన్ను గడువు ఒకటి అతికించిరి. నమాజు వేళకు పోవువారు నిలబడి చదువుచున్నారు. ఒక పెద్దాయన తన కోడలి పేరు జాబితాలో లేదని గుర్తించి దరఖాస్తు వ్రాయించుకొని పోయిరి.

కళాశాల పాలకవర్గమువారికి మా విన్నపము ఒక్కటే. గ్రంథాలయమునకు వచ్చు పత్రికలను ఏ నెలకానెల పాతకాగితముల వానికి తూకమునకు అమ్ముచున్నారు. వార్డుల నోటీసు వచ్చిన ఆ పత్రికను తరువాత వెదకబోగా మాకు దొరకనిదియు అందుకే. జిల్లా పుటలనైనను విడిగా కుట్టించి ఉంచుటకు ఒక బీరువాను, సంవత్సరమునకు బైండింగు ఖర్చులను మంజూరు చేయగోరుచున్నాము. బీరువా పెట్టుటకు మెట్ల క్రింద స్థలము కలదు; కొలత తీసికొనియే ఉంచితిమి.